నడిసంద్రంలో కొలువు

ఉద్యోగి కూర్చునే చోటుకూ ఉద్యోగం జరిగే చోటుకూ ఉన్న లంకె ఏదో ఒకనాడు తెగుతుందన్న ఊహ కరోనా కాలంలో పుట్టింది కాదు. జపాన్ సెమీకండక్టర్ నిపుణుడు త్సుగియో మకిమొటో, బ్రిటిష్ పాత్రికేయుడు డేవిడ్ మ్యానర్స్ కలిసి 1997లో వెలువరించిన ‘డిజిటల్ నోమాడ్’ అనే పుస్తకంలోనే, చేతిసంచిలో ఇమిడే కంప్యూటర్లూ వేగంగా సాగే సమాచార మార్గాలూ సమకూరితే మనిషి మళ్లీ సంచారజీవి కాగలడని వాదించారు. ఆ వాదానికి 2020 నాటి లాక్‌డౌన్లు ఎవరూ అనుకోని ఊతమిచ్చాయి. కోట్లమంది ఇంటినుంచే కొలువు చేయడం మొదలుపెట్టగా, విమానాలు ఆగిపోయి పర్యాటకుల రాబడి ఎండిపోయిన ద్వీపదేశాలు ఆ కోట్లమందిలో కొందరినైనా తమ తీరానికి రప్పించుకోవచ్చునని గ్రహించాయి.

వెస్టిండీస్‌లోని బార్బడోస్ 2020 జులైలో ‘వెల్‌కమ్ స్టాంప్’ పేరుతో ఒక ప్రత్యేక వీసాను ప్రవేశపెట్టి, ఏడాదికి కనీసం 50 వేల డాలర్ల ఆదాయం ఉన్నవారు 12 నెలలపాటు అక్కడ నివసిస్తూ వేరే దేశపు సంస్థకు పనిచేసుకోవడానికి అనుమతించింది. తెలుగు మూలాలున్న కుటుంబాలు తరతరాలుగా స్థిరపడిన మారిషస్ కూడా అదే ఏడాది ‘ప్రీమియం వీసా’ను తెచ్చి, నెలకు 1,500 డాలర్ల ఆదాయం చాలునంది. బాలి ద్వీపం ఉన్న ఇండోనేషియా 2024లో ఇటువంటి వీసాకు ఏటా 60 వేల డాలర్ల ఆదాయాన్ని షరతుగా పెట్టింది. ఈ వీసాలన్నిటి వెనుకా ఉన్న లెక్క ఒక్కటే: వచ్చినవాడు సంపాదన బయటినుంచి తెచ్చుకోవాలి, ఖర్చు ఇక్కడ పెట్టాలి, స్థానికుడి కొలువు జోలికి పోకూడదు. మామూలు పర్యాటక వీసామీద వెళ్లి ల్యాప్‌టాప్ తెరిచి కూర్చోవడం చాలా దేశాల్లో నిబంధనలకు విరుద్ధమన్న సంగతీ, ఒక దేశంలో ఏడాదిలో సుమారు 183 రోజులు దాటి ఉంటే పన్నుల విషయంలో ఆ దేశ నివాసిగా లెక్కకు వచ్చే అవకాశం ఉందన్న సంగతీ సముద్రతీరపు ఛాయాచిత్రాలు చెప్పవు. ఎంత దూరపు దీవిలో దాగినా పన్నుల శాఖకు మనిషి దొరకకపోడు.

వీసా అక్కరలేని ఉష్ణమండల ద్వీపాలు భారతీయులకు సొంత దేశంలోనే ఉన్నాయి కాబట్టి, ఈ జీవనవిధానంలోని సాధకబాధకాలను అర్థం చేసుకోవడానికి బంగాళాఖాతంలోని అండమాన్‌ను మించిన ఉదాహరణ తెలుగువారికి మరొకటి దొరకదు. ముఖ్య పట్టణమైన పోర్ట్‌బ్లెయిర్‌కు 2024 సెప్టెంబరులో కేంద్రం శ్రీవిజయపురం అని పేరు మార్చినా, పాత పేరే ఇంకా నోళ్లలో నానుతోంది. హేవ్‌లాక్ దీవికి స్వరాజ్ ద్వీప్ అనీ, నీల్ దీవికి షహీద్ ద్వీప్ అనీ 2018 డిసెంబరులోనే పేర్లు మారాయి. అక్కడికి వెళ్లి పనిచేయడానికి చట్టపరంగా దారి సుగమమైంది కూడా కరోనా ఏడాదిలోనే. కాల్ సెంటర్లు, ఐటీ ఆధారిత సేవల సంస్థల వంటివాటిని టెలికాం శాఖ ‘అదర్ సర్వీస్ ప్రొవైడర్లు’ అనే వర్గంగా పరిగణించి, ఉద్యోగి ఎక్కడినుంచి పనిచేయాలన్నదానిపై కఠిన నియమాలు పెట్టేది. 2020 నవంబరులో ఆ నియమాలను సడలించి, దేశంలో ఎక్కడినుంచైనా పనిచేయవచ్చునని స్పష్టం చేసింది.

చట్టం ఒప్పుకున్నా తీగ లేనిదే పని సాగదు. 2020కి ముందు ఈ దీవులకు ఇంటర్నెట్ దాదాపు పూర్తిగా ఉపగ్రహం మీదుగానే వచ్చేది. దాని సామర్థ్యం తక్కువ, ఖర్చు ఎక్కువ. ఆ స్థితిని మార్చింది చెన్నై నుంచి సముద్రగర్భం మీదుగా వేసిన ఆప్టికల్ ఫైబర్ కేబుల్. 2018 డిసెంబరులో శంకుస్థాపన జరిగి, 2020 ఆగస్టు 10న ప్రధాని ప్రారంభించిన ఈ మార్గం పొడవు సుమారు 2,300 కిలోమీటర్లు, వ్యయం సుమారు 1,224 కోట్ల రూపాయలు. టెలికాం సంస్థల ఆదాయంలో కొంత వాటాను రాబట్టి, లాభం గిట్టని మారుమూల ప్రాంతాలకు సేవలందించడానికి కేంద్రం నెలకొల్పిన నిధినుంచి ఈ సొమ్ము వచ్చింది. పనిని బీఎస్ఎన్ఎల్ చేపట్టింది. చెన్నై నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు చేరిన కేబుల్ అక్కడినుంచి స్వరాజ్ ద్వీప్, లాంగ్ ఐలండ్, రంగత్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కమోర్టా, గ్రేట్ నికోబార్‌లకు సాగుతుంది. పర్యాటకులు తరచుగా వెళ్లే షహీద్ ద్వీప్ నాటి జాబితాలో లేదన్నది, అక్కడ గది తీసుకుని పనిచేయదలచినవారు గమనించవలసిన విషయం. అరేబియా సముద్రంలోని లక్షద్వీప్‌కు కొచ్చి నుంచి ఇటువంటి కేబుల్ 2024 జనవరిలో అందుబాటులోకి వచ్చింది.

ఉపగ్రహానికీ కేబుల్‌కూ తేడా ఒక్క వేగంలోనే కాదు, జాప్యంలో కూడా ఉంది. ఒక మాట ఇటునుంచి బయలుదేరి అటు చేరి, జవాబు తిరిగి వచ్చేదాకా పట్టే సమయాన్ని సాంకేతికులు లేటెన్సీ అంటారు. భూమి చుట్టూ 35,786 కిలోమీటర్ల ఎత్తున, కింద ఉన్నవారికి ఒకేచోట నిలిచినట్టు కనిపించే భూస్థిర ఉపగ్రహం మీదుగా మాట వెళ్లాలంటే, కాంతివేగంతో పోయినా ఎక్కి దిగడానికి దాదాపు పావు సెకను, జవాబు రావడానికి మరో పావు సెకను పడుతుంది. గాజుపోగులో కాంతి సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు మాత్రమే ప్రయాణించినా, చెన్నైకీ పోర్ట్‌బ్లెయిర్‌కూ మధ్య దూరం పద్నాలుగు, పదిహేను వందల కిలోమీటర్ల లోపే కనుక, రాకపోకలు రెండూ కలిపి సెకనులో అరవయ్యో వంతు అటూఇటుగా ముగిసిపోతాయి. ఫైళ్లు పంపుకునేవారికి ఈ తేడా పెద్దగా తెలియదు. వీడియో సమావేశంలో కూర్చున్నవారికి మాత్రం, ఒకరి మాట మీద మరొకరి మాట పడి ఇద్దరూ ఆగి, ‘మీరు చెప్పండి’ అంటే ‘మీరే చెప్పండి’ అనుకునే అవస్థ తప్పడం ఒక వరమే.

అయితే ఆ వరం ఒక్క తీగకు వేలాడుతోంది. వేల మీటర్ల లోతున పరచిన కేబుల్‌ను లోతు తక్కువైన చోట లంగర్లూ ట్రాలర్ వలలూ, లోతైన చోట భూకంపాలూ సముద్రగర్భపు కొండచరియలూ తెంచగలవు. తెగిన చోటును కనిపెట్టి, ప్రత్యేక నౌకను రప్పించి, రెండు కొసలనూ పైకి లాగి అతికించడం రోజుల తరబడి, ఒక్కొక్కప్పుడు వారాల తరబడి సాగే పని. పసిఫిక్‌లోని టోంగా దేశంలో 2022 జనవరి 15న సముద్రగర్భ అగ్నిపర్వతం బద్దలైనప్పుడు ఫిజీతో కలిపే ఒకే ఒక్క అంతర్జాతీయ కేబుల్ తెగిపోయి, అది తిరిగి పనిచేయడానికి ఐదు వారాలకు పైగా పట్టింది. ద్వీపాలను లోపల కలిపే కేబుల్ బాగుపడటానికి ఇంకా చాలా ఎక్కువ కాలం పట్టింది. అండమాన్ భూకంప ముప్పు అత్యధికంగా ఉండే జోన్‌లో ఉంది. దేశంలోని ఏకైక క్రియాశీల అగ్నిపర్వతమైన బ్యారన్ ఐలండ్ పోర్ట్‌బ్లెయిర్‌కు 140 కిలోమీటర్ల లోపే ఉంది. 2004 డిసెంబరు 26 నాటి సునామీ నికోబార్‌ను ఎలా తుడిచిపెట్టిందో అక్కడివారు మరువలేదు. ఈ భయంతో దీవికి వెళ్లడమే మానుకోవాలని కాదు కానీ, ఒక్క రోజు కూడా పని ఆగకూడని బాధ్యతల్లో ఉన్నవారు దీవిని ఎంచుకునే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించడం మంచిది.

కేబుల్ ఒడ్డుకు చేరడమంటే గదికి చేరడం కాదు. తీరంలోని స్టేషన్‌నుంచి వీధి స్తంభాల మీదుగా విడిదిదాకా వచ్చే ఆఖరి మైలు తీగ ఎండకూ వానకూ కొబ్బరిమట్టలకూ గురవుతుంది. అది ఎంత గట్టిదైతే ఇంటర్నెట్ అంత గట్టిది. దానికి కరెంటు తోడు కావాలి. ఏ జాతీయ గ్రిడ్‌తోనూ సంబంధం లేని ఈ దీవుల్లో విద్యుత్తు ప్రధానంగా డీజిల్ జనరేటర్లనుంచి వస్తుంది; ఆ డీజిల్ ఓడల్లో రావాలి. దక్షిణ అండమాన్‌లో 5 మెగావాట్ల సౌర కేంద్రాన్ని ఎన్‌టీపీసీ, బ్యాటరీల నిల్వతో కూడిన 20 మెగావాట్ల సౌర కేంద్రాన్ని ఎన్‌ఎల్‌సీ నిర్మించగా, ఉత్తర అండమాన్‌లోని కల్పాంగ్ నదిమీద ఐదు మెగావాట్ల పైచిలుకు జలవిద్యుత్ కేంద్రం ఉంది. ప్రధాన భూభాగంలో ఒక జిల్లాలో లోటు వస్తే పక్క జిల్లానుంచి తెచ్చుకోవచ్చు. ఇక్కడ చాలా దీవులు ఎవరి జనరేటర్‌ను వారే నమ్ముకోవాలి. అందుకే ఇక్కడ గది చూసుకునేవారు కిటికీలోంచి సముద్రం కనిపిస్తుందా అని అడిగేముందు ఇన్వర్టర్ ఉందా, కరెంటు పోతే రౌటర్ కూడా దానిమీదే నడుస్తుందా అని అడగాలి. రెండో ప్రశ్నను మరచినవారికి ఫ్యాన్ తిరుగుతున్న గదిలో, దీపం వెలుగుతుండగా, ఇంటర్నెట్ లేకుండా కూర్చునే యోగం పడుతుంది.

నీటి సంగతి ఇంకా విచిత్రం. ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన, అంటే హైదరాబాదులో పడేదానికి మూడు రెట్లకు మించి, కురిసే చోట నీటికి కరువేమిటన్న సందేహం సహజమే. నైరుతి రుతుపవనం దేశంలో మొదట తాకేది ఈ దీవులనే. మే మూడో వారంలో మొదలైన వానలు ఈశాన్య రుతుపవనంతో కలిసి డిసెంబరుదాకా సాగుతాయి. కానీ దీవులు ఏటవాలుగా, ఇరుకుగా ఉండటంవల్ల పడిన నీరు నిలవకుండా సముద్రంలోకి జారిపోతుంది. పెద్ద నదులు లేవు, పెద్ద జలాశయాలకు చోటు లేదు. పోర్ట్‌బ్లెయిర్‌కు ప్రధాన ఆధారమైన ధనిఖరి జలాశయం జనవరి తరవాత తగ్గుముఖం పట్టి, వేసవి ముదిరేసరికి పట్టణంలో కుళాయి నీళ్లు రోజు విడిచి రోజో అంతకంటే అరుదుగానో వచ్చే స్థితి చాలా ఏళ్లుగా ఉంది. పర్యాటకులు కిటకిటలాడే నెలలు కూడా సరిగ్గా అవే.

సూర్యుడితో వచ్చే తకరారు అన్నిటికన్నా ఆసక్తికరమైనది. భారత ప్రామాణిక సమయాన్ని 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం ఆధారంగా లెక్కిస్తారు. కాకినాడ దగ్గరగా పోయే ఆ రేఖకు పోర్ట్‌బ్లెయిర్ పది డిగ్రీలకు మించి తూర్పున ఉంది. ఒక్కొక్క డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున చూస్తే, గడియారం కాకినాడదే అయినా సూర్యుడు 41 నిమిషాలు ముందు నడుస్తాడు. జూన్‌లో ఉదయం ఐదింటికే తెల్లవారుతుంది. డిసెంబరులో సాయంత్రం ఐదింటికే పొద్దు గుంకుతుంది. హైదరాబాదు కార్యాలయపు వేళల ప్రకారం ఉదయం 9 నుంచి సాయంత్రం 6 దాకా పనిచేసే ఉద్యోగి డిసెంబరులో ల్యాప్‌టాప్ మూసి తలెత్తేసరికి బయట చీకటి. స్వరాజ్ ద్వీప్‌లో సూర్యాస్తమయానికి పేరుపడిన రాధానగర్ బీచ్ పక్కనే నెల రోజులున్నా, సెలవుదినాల్లో తప్ప ఆ సూర్యాస్తమయం అతడికి దక్కదు. తెల్లవారుజామున లేచేవారికి మాత్రం పనికి ముందే మూడు గంటల పగటి వెలుగు చేతికొస్తుంది. ఇక అమెరికా వేళల్లో పనిచేసేవారికి, షిఫ్టు ముగించి నిద్రకు ఉపక్రమించే సమయానికి కిటికీలోంచి ఎండ పలకరిస్తుంది. మందపాటి పరదాలున్న గది వారికి సముద్రం కనిపించే గదికన్నా విలువైనది. ఎవరికి ఏ దీవి నప్పుతుందో చెప్పడానికి అందచందాల కన్నా రేఖాంశమే మెరుగైన ప్రమాణం.

ఉప్పుగాలి, ఉక్కపోత యంత్రాలకు చేసే హాని నెమ్మదిగా బయటపడుతుంది. ఏడాదిలో చాలా భాగం గాలిలో తేమ అధికంగా ఉండటంవల్ల ఛార్జర్ పిన్నులూ, ల్యాప్‌టాప్ పక్కనుండే యూఎస్‌బీ రంధ్రాల లోపలి రేకులూ పచ్చబడి తుప్పు పడతాయి. ఏసీ గదినుంచి వరండాలోకి తెచ్చిన యంత్రం మీద చల్లని గాజుగ్లాసు మీద పట్టినట్టే చెమ్మ పడుతుంది. తేమను పీల్చే సిలికా జెల్ పొట్లాలతో పాటు యంత్రాన్ని మూత బిగుతుగా ఉండే పెట్టెలో దాచుకోవడం, మరమ్మతుకు విడిభాగాలు ఓడమీదో విమానంలోనో రావలసి ఉంటుంది కనుక రెండో ఛార్జర్ వెంట ఉంచుకోవడం, ఎక్కువ కాలం ఉండేవారికి తప్పనిసరి జాగ్రత్తలు.

స్వరాజ్ ద్వీప్‌ను ఉదాహరణగా తీసుకుంటే ఈ జీవితం రూపురేఖలు తెలుస్తాయి. పోర్ట్‌బ్లెయిర్ నుంచి వేగంగా నడిచే ప్రైవేటు ఫెర్రీలో సుమారు గంటన్నర, ప్రభుత్వ ఫెర్రీలో అంతకంటే ఎక్కువ సేపు పట్టే ఈ దీవిలో, దేశ విభజన తరవాత తూర్పు బెంగాల్ నుంచి తరలివచ్చి 1950ల్లో స్థిరపడిన శరణార్థి కుటుంబాల సంతతి ప్రధానంగా నివసిస్తోంది. ఊళ్లకు గోవింద్ నగర్, విజయ్ నగర్, శ్యామ్ నగర్ వంటి పేర్లున్నా, బీచ్‌లను అంకెలతో పిలవడం అక్కడి రివాజు; రాధానగర్ ఏడో నంబరు బీచ్, విజయ్ నగర్ ఐదో నంబరు. బియ్యం, ఉల్లిపాయలు, సిమెంటు, గ్యాస్ సిలిండర్లు అన్నీ జెట్టీలో దిగవలసిందే కాబట్టి చేపలూ కొబ్బరీ తప్ప చౌకగా దొరికేవి తక్కువ. సముద్రం అల్లకల్లోలంగా ఉంటే ఫెర్రీలు రద్దవుతాయి. పెద్ద జబ్బు చేస్తే పోర్ట్‌బ్లెయిర్‌లోని జీబీ పంత్ ఆసుపత్రికి చేరడమే మార్గం. మడ అడవులూ వాగుమొగలూ ఉన్న తీరాల్లో ఉప్పునీటి మొసళ్లు తిరుగుతాయని పెట్టిన హెచ్చరిక బోర్డులు అలంకారానికి పెట్టినవి కావు. 2010లో రాధానగర్ సమీపంలో మొసలి దాడికి ఒక విదేశీ పర్యాటకురాలు బలయ్యారు.

మూడు రోజులు చూసిపోయే పర్యాటకుడికీ మూడు నెలలు ఉండిపోయే రిమోట్ ఉద్యోగికీ దీవి దృష్టిలో తేడా ఉంది. రెండోవాడు నివాసి వాడినంత నీరూ కరెంటూ వాడతాడు, నివాసి చేసినంత చెత్త చేస్తాడు, కానీ నివాసికున్న బాధ్యత అతడికి లేదు. ఇది ఎక్కడిదాకా పోతుందో బాలి చూపుతోంది. 2013లో అక్కడి ఉబుద్ పట్టణంలో వెదురుతో కట్టిన ‘హుబుద్’ అనే ఉమ్మడి పనిస్థలంతో అక్కడి రిమోట్ ఉద్యోగుల ఉనికి ప్రపంచానికి తెలిసింది. ఆ తరవాత చాంగూ ప్రాంతపు వరిపొలాల స్థానంలో విల్లాలు వరసగా లేచాయి. ఆలయాల చుట్టూ అల్లుకున్న రైతుల ఉమ్మడి సాగునీటి వ్యవస్థ అయిన ‘సుబక్’ను యునెస్కో 2012లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినా, కాలువ చివర పొలమే లేకపోతే ఆ గుర్తింపు నీళ్లను పారించలేదు. అయితే తన దారిన తాను నడిచే సత్తువ బాలికి ఇంకా మిగిలి ఉంది. శక సంవత్సరాదిన, కొన్నేళ్లలో మన ఉగాదికి ఒకటి రెండు రోజుల అటూఇటుగా, బాలి హిందువులు పాటించే ‘న్యేపి’ మౌనదినాన విమానాశ్రయాన్ని సైతం మూసివేస్తారు. 2018 నుంచి ఆ రోజు మొబైల్ ఇంటర్నెట్‌ను కూడా నిలిపివేస్తున్నారు. ఆ రోజుకు మీటింగు పెట్టుకున్నవాడు దానిని వాయిదా వేసుకోవలసిందే.

అండమాన్‌లో చట్టం గీసిన గీతలు ఇంతకంటే గట్టివి. ఆదిమ తెగల రక్షణకు 1956లో చేసిన నిబంధనల ప్రకారం జారవా తెగ రిజర్వు, ఉత్తర సెంటినెల్ దీవి వంటి ప్రాంతాల్లోకి బయటివారు అడుగుపెట్టరాదు. అండమాన్ ట్రంక్ రోడ్డు జారవాల ప్రాంతం గుండా పోయే చోట వాహనాలు పోలీసు కాపలాతో వరసగా వెళ్లాలి, ఫొటోలు తీయడం నేరం. నికోబార్‌కు వెళ్లాలంటే భారతీయులకు కూడా ప్రత్యేక అనుమతి అవసరం. కేబుల్ గ్రేట్ నికోబార్‌దాకా వెళ్లిందని ఉద్యోగి కూడా అక్కడిదాకా వెళ్లవచ్చునని అర్థం కాదు. అలా ఉండటమే సబబు.

కేబుల్‌వల్ల ఎక్కువ మేలు పొందవలసినవారు నిజానికి నగరాలనుంచి వచ్చేవారు కారు. 2011 జనాభా లెక్కల ప్రకారం 3.8 లక్షలున్న ఈ దీవుల జనాభాలో సుమారు 13 శాతం మందికి తెలుగు మాతృభాష. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాలనుంచి చేపల వేటకూ కూలిపనులకూ వెళ్లి స్థిరపడిన కుటుంబాలవారే వీరిలో ఎక్కువ. పోర్ట్‌బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్ చేపల రేవులో తెలుగు వినిపించని రోజుండదు. డిగ్రీ చదివిన యువత ప్రభుత్వోద్యోగం రాకపోతే చెన్నైకో హైదరాబాదుకో వలసపోవడం అక్కడ తరాలుగా వస్తున్న ఆనవాయితీ. అటువంటి ఇంటి పిల్ల జంగ్లీఘాట్‌లోనే కూర్చుని హైదరాబాదు సంస్థకు పద్దులు రాయగలిగితే, ఆమె జీతం దీవిలో ఖర్చవుతుంది, ఆమె తల్లిదండ్రుల దగ్గర ఒక మనిషి మిగులుతుంది, దీవిమీద కొత్త గది భారమూ పడదు. బయటివారికి విడుదులు కట్టడంపై పెట్టే శ్రద్ధలో సగమైనా దీవి యువతకు ఈ కొలువులకు తగిన శిక్షణ ఇవ్వడంమీద పెడితే, 1,224 కోట్ల తీగకు సార్థకత చేకూరుతుంది.

బయటినుంచి వెళ్లి కొన్నాళ్లు పనిచేసుకోదలచినవారికి మాత్రం పర్యాటక సంస్థలు చెప్పని ఒక సలహా ఉంది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా సముద్రం ప్రశాంతంగా ఉంటుంది, కానీ నీరు తక్కువ, అద్దెలు ఎక్కువ, జనం ఎక్కువ. వానాకాలంలో ఫెర్రీలు రద్దవుతాయన్నది రోజుకొక దీవి చూడాలనుకునేవారి బాధ. ఒకే చోట కూర్చుని పనిచేసేవారికి దానితో నిమిత్తం లేదు. వానలు తగ్గుముఖం పట్టి, జలాశయాలు నిండి, జనం ఇంకా చేరని నవంబరు నెల ఇటు దీవికీ అటు ఉద్యోగికీ అనువైనది, తుపాను హెచ్చరికలను మాత్రం కనిపెట్టుకుని ఉండాలి. తిరుగు విమానానికి కనీసం రెండు రోజుల ముందే పోర్ట్‌బ్లెయిర్ చేరుకోవాలి. ఫెర్రీ రద్దయిందని విమానం ఆగదు.